తాత పెట్టె ఎంత చేస్తుంది?



ఉగాది మీటింగులో భోజనాల దగ్గర ఒకాయన ఫోను తీసి ఒక ఫోటో చూపించారు. రాగి బిళ్ళ. ఒకవైపు ఆంజనేయస్వామి, ఇంకోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ అని, 1818 అని. "అన్నా, ఇది పది లక్షలకు పోతుందంట. మీరు రైల్వేలో డబ్బు లెక్కపెట్టిన మనిషి కదా, ఎవరికి అమ్మాలో చెప్పండి" అన్నారు. ఆ గోలలో జవాబు చెప్పడం కుదరలేదు. రాసి పెడతానని మాటిచ్చాను. ఆయన బిళ్ళకు జవాబు రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ ఆ రెండు ముక్కలు నేర్చుకోవడానికి మా ఇంట్లో ఏమేం జరిగిందో కూడా చెబితేనే మీకు ఉపయోగం. చివర్లో మీ అందరితో నాకూ ఒక పని ఉంది. దయచేసి ఆఖరు దాకా చదవండి.

ముందే ఒక మాట. నేను చదివిందంతా తమిళ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతామే కానీ అక్షరాలు మాత్రం నలభై దాటాక మన సంఘం ఆదివారం క్లాసులో దిద్దుకున్నవి. తప్పులుంటే సర్దుకొని చదవండి.

మూడేళ్ళ కిందట మా అమ్మ పోయింది. కర్మాంతరాలు అయ్యాక అటక మీద నుంచి తాత ట్రంకుపెట్టె దించాం. నేను, తమ్ముడు, చెల్లెలు. మా తాత పెరంబూరు వర్క్‌షాపులో పని చేశాడు. అప్పుడది మెడ్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. 1951లో సదరన్ రైల్వేలో కలిసింది. పెట్టెలో ఉన్నవి ఇవి: రెండు గుడ్డ మూటల్లో పాత రూపాయలు, రైల్వే అక్షరాలు పోతపోసిన ఒక చేతిలాంతరు, మూతపెట్టె గ్రామఫోను, పన్నెండు రికార్డులు, ఒక ఇత్తడి చెంబు, ఒక గుడ్డ అట్ట పుస్తకం, అడుగున ఒక దొంతర కాగితాలు.

తమ్ముడు వెంటనే ఫోనులో ఒక వీడియో పెట్టాడు. 1840 రాణి రూపాయి లక్షలు పలుకుతుందని అందులో ఎవరో గట్టిగా చెబుతున్నాడు. మా మూటలో 1840వి రెండున్నాయి. ఇంక చూడండి. చెల్లెలికి కూతురి పెళ్ళి, తమ్ముడికి అంగడి అప్పు, నాకు కారుతున్న మేడ. అమ్మ ఫోటో ముందు దీపం ఆరకముందే ముగ్గురం మనసులో పెట్టె అమ్మేశాం. ఆ వెనకే అనుమానాలు వచ్చాయి. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలనే దాని మీద పావుగంట ఎవరూ మాట్లాడలేదు. చివరికి పెద్దవాడినని నా దగ్గర పెట్టి, తమ్ముడు ఒక్కో రూపాయి ఎంచి జాబితా రాసి, మూడు కాపీలు తీసి ముగ్గురికీ ఇచ్చాడు. వాడు చేసింది సరే. కానీ మా ఇంట్లో అలాంటి కాగితం పుట్టడం అదే మొదలు.

నేను చేసిన తప్పు ఆ మర్నాడే. రూపాయలు నల్లబడి ఉన్నాయి. అమ్మేటప్పుడు మెరుస్తూ ఉంటే మంచి ధర వస్తుంది అనుకున్నాను. రెండు మూటలూ విప్పి ఒకే గిన్నెలో పోసి, చింతపండు నీళ్ళలో నానబెట్టి, విభూదితో ఒక్కోదాన్నీ తోమాను. తళతళ మెరిశాయి. మా ఆవిడ కూడా మెచ్చుకుంది. మొత్తం 19 రూపాయలు.

నేను తోముతున్న వారంలోనే తమ్ముడు వాట్సాప్‌లో ఎవరికో ఫోటోలు పంపాడు. అవతలివాడు 'రిజర్వు బ్యాంకు గుర్తింపు ఉన్న కొనుగోలుదారు'నని చెప్పి, ముద్ర వేసిన ఉత్తరం కూడా పంపాడు. రెండు రాణి రూపాయలకు 14 లక్షలు ఇస్తానన్నాడు. ముందు రిజిస్ట్రేషన్ అని 2,100 అడిగాడు. కట్టాడు. తర్వాత పన్ను అని 9,800. అదీ కట్టాడు. మూడోసారి 24,000 అడిగినప్పుడు డబ్బు లేక నా దగ్గరికి వచ్చాడు. నేను ఆ ఉత్తరం చదివాను. జీవితమంతా ఆఫీసు కాగితాలు చదివినవాణ్ణి. ఏ ఆఫీసూ డబ్బు ఇవ్వడానికి మనిషి దగ్గర ముందు డబ్బు వసూలు చేయదు. తర్వాత తెలిసింది, 2021 ఆగస్టులోనే రిజర్వు బ్యాంకు ఈ విషయం మీద ప్రకటన ఇచ్చింది. పాత నాణేలు, నోట్లు కొనే అమ్మే వ్యవహారంలో తాము లేమని, ఛార్జీ గానీ కమిషను గానీ అడగమని, తమ పేరుతో వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని. 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు పెట్టాం. 11,900 తిరిగి రాలేదు. తమ్ముడు నెల రోజులు నా ఇంటికి రాలేదు. డబ్బు పోయినందుకు కాదు, నా ఎదుట తెలివితక్కువవాడిగా కనిపించినందుకు.

ఆ పైన సరైన మనిషి దగ్గర అడుగుదామని, చెన్నైలో నాణేల ఎగ్జిబిషన్ జరిగితే ముగ్గురం కలిసి వెళ్ళాం. అక్కడ ఒక పెద్దాయన, ముప్పై ఏళ్ళుగా నాణేలు సేకరిస్తున్నవాడు, మా పొట్లం విప్పగానే మొదట అడిగింది వాటి తేదీలు కాదు. "ఎవరు తోమారు?" అని.

నేనే అన్నాను. ఆయన భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నాడు. రాజుగారి చెంప మీద సన్నటి గీతలు, వందల కొద్దీ. విభూది గీతలు. "ఆ నలుపు మురికి కాదండీ. దాని వయసు. దాన్ని చూసే కదా మేం డబ్బిచ్చేది. ఇప్పుడు వీటికి వెండి ధర, ఇంకొంచెం పైన, అంతే" అన్నాడు. చెల్లెలు నా వైపు చూడలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

ఆయన ఓపికగా నేర్పినవి మీకు చెబుతాను.

పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు. 1840 అని ఉన్న రాణి రూపాయిని కంపెనీవాళ్ళు ఆ ఒక్క ఏడాదే కొట్టలేదు. తేదీ మార్చకుండా దాదాపు ఇరవై ఏళ్ళు అదే అచ్చుతో కొట్టారు. 1862 రూపాయి కూడా అంతే, పదేళ్ళకు పైగా అదే తేదీ. తేదీ దగ్గర ఉన్న సన్న చుక్కలు లెక్కపెట్టి ఏది ఎప్పుడు కొట్టిందో సేకరించేవాళ్ళు పోల్చుకుంటారట. అందుకే 1840 రూపాయి మీ ఇంట్లోనూ ఉంటుంది, పక్కింట్లోనూ ఉంటుంది. లక్షలు ఎక్కడి నుంచి వస్తాయి?

మరి అరుదు అంటే ఏమిటి? ఆయన 1911 కథ చెప్పాడు. ఐదో జార్జి మొదటి రూపాయి మీద రాజు వస్త్రం మీద ఒక చిన్న ఏనుగు ఉంది. తొండం పొట్టిగా పడి అది పందిలా కనిపించింది. ముస్లింలు అభ్యంతరం చెప్పారు. అప్పటికి కొన్ని లక్షలు బయటికి వచ్చాయి. మిగతావి కరిగించేసి, ఏనుగును సరిదిద్ది 1912లో మళ్ళీ కొట్టారు. కాబట్టి 1911కి విలువ ఉంది, 1912కి లేదు. మాది 1912. ఒక్క ఏడాది తేడా! తమ్ముడు అక్కడే నవ్వేశాడు. నెల తర్వాత వాడి నవ్వు చూసి నాకు ప్రాణం లేచివచ్చింది.

మూడోది లోహం. ఇది ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చు. కంపెనీ కాలం నుంచి 1939 దాకా రూపాయి 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. అంటే సుమారు 10.69 గ్రాముల వెండి. యుద్ధం వచ్చాక 1940 నుంచి సగమే వెండి, 5.83 గ్రాములు. 1947 రూపాయి నికెలు, వెండే లేదు. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. వెండి అతుక్కోదు. మా 19లో పాత వెండివి 11, సగం వెండివి 6, నికెలువి 2. పదకొండు పది పాయింట్ అరవై తొమ్మిదిలు, ఆరు ఐదు పాయింట్ ఎనభై మూడులు కలిపితే 152 గ్రాముల చిల్లర. అరిగిపోయినందుకు కొంచెం తగ్గించండి. ఆ రోజు వెండి ధర ఎంతో, దాంతో పెంచండి. ఇంతకంటే తక్కువకు అడిగేవాడు మోసం చేస్తున్నాడు. ఇంతకంటే చాలా ఎక్కువ చెప్పేవాడు, డబ్బు చేతికి రానంతవరకూ, వాడూ మోసం చేస్తున్నాడనే అనుకోండి.

నాలుగోది, అడిగే ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు. వీడియోల్లోనూ ఆన్‌లైన్‌లోనూ కనిపించేది అడిగే ధర. నేను మా మేడను కోటికి అమ్ముతానని బోర్డు పెట్టొచ్చు, దాంతో అది కోటి మేడ కాదు. నాణేల వేలం సంస్థలు ఏది ఎంతకు పోయిందో ప్రకటిస్తాయి. అది చూడాలి. చూసేటప్పుడు మన నాణెం అంత కొత్తగా ఉందా అని కూడా చూసుకోవాలి.

ఇంక గ్రామఫోను. మా చెల్లెలు ముఖం చిన్నబుచ్చుకుంది, మనది ఇత్తడి గొట్టం ఉన్నది కాదే అని. ఆ ఎగ్జిబిషన్ పక్కనే పాత సామాన్లు అమ్మేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒకరు నిజం చెప్పారు. ఇప్పుడు అంగళ్ళలో మెరిసే ఇత్తడి గొట్టంతో కనిపించే గ్రామఫోన్లలో చాలావరకు ఈమధ్య అతికించి, మీద పాత కంపెనీ బొమ్మ అంటించినవే. మాది సాదా పెట్టె కానీ అసలుది. రికార్డులు మాత్రం ఆ రోజుల్లో అందరూ కొన్న పాటలే. ఎక్కువమంది కొన్నవి ఎక్కువ మిగిలి ఉంటాయి, అందుకే వాటికి ధర తక్కువ. చెల్లెలు అమ్మలేదు. ఇంటికి తీసుకుపోయింది. అమ్మ ఇష్టపడిన పాట అందులో ఒకటి ఉంది.

లాంతరు దగ్గర నాకు భయం వేసింది. రైల్వే సొత్తు అక్రమంగా ఉంచుకున్నందుకు 1966 చట్టం ఒకటి ఉంది. సర్వీసులో ఉన్నప్పుడు ఆ చట్టం కింద ఇబ్బంది పడినవాళ్ళను చూశాను. తాత ఎలా తెచ్చాడో ఏమో, రైల్వే అక్షరాలున్న వస్తువును అమ్మకానికి పెట్టి రిటైరయ్యాక చెడ్డపేరు తెచ్చుకోవడం ఎందుకు? దాన్ని పాత చీరలో చుట్టి లోపల పెట్టాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను.

పెట్టె అడుగున కాగితాల దొంతర, గుడ్డ అట్ట పుస్తకం ఉన్నాయన్నాను కదా. పుస్తకంలో తాత రాత. గొలుసుకట్టు తెలుగు. ఆదివారం క్లాసులో అచ్చు అక్షరాలు నేర్చుకున్న నాకు అందులో ఒక్క లైను కూడా పడలేదు. తమ్ముడికీ చెల్లెలికీ తెలుగు అక్షరమే రాదు. మూడు కాపీల జాబితాలో తమ్ముడు దాన్ని ఏమని రాశాడో తెలుసా? 'పాత పేపర్లు, విలువ లేదు' అని. నేనూ సంతకం పెట్టాను. మా వీధి కాయలాంకడవాడిని పిలిచి తూకం వేయించాను. ఆరు కిలోలు, 84 రూపాయలు. సంచిలో వేస్తున్నప్పుడు మా ఆవిడ ఆ పుస్తకం ఒక్కటీ లాగి పక్కన పెట్టింది. వెనక కొన్ని తెల్ల కాగితాలున్నాయి, పాల లెక్క రాసుకోవడానికి పనికొస్తుందని. మిగతా దొంతరలో ఏమున్నాయో నాకు ఎప్పటికీ తెలియదు.

ఎగ్జిబిషన్ అయిన రెండు నెలలకు మన సంఘంలో ఉన్న రిటైర్డ్ తెలుగు అయ్యవారు మా ఇంటికి వచ్చారు. మీ అందరికీ తెలిసినవారే. పాల లెక్క పుస్తకం బల్ల మీద ఉంటే తిరగేసి, "ఏమయ్యా, దీన్లో పాల లెక్క రాస్తున్నావా?" అన్నారు. కూర్చొని చదవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే చేశారు.

తాత వర్క్‌షాపులో చేరిన నాటి నుంచి లెక్క ఉంది. గ్రామఫోను మూర్‌మార్కెట్‌లో పాతది కొన్నది, ఎంతకు కొన్నాడో, స్ప్రింగు మార్చడానికి ఎంతైందో. మూర్‌మార్కెట్ 1985 మే నెలలో కాలిపోయింది. ఆ స్థలంలోనే సబర్బన్ స్టేషను, రిజర్వేషన్ ఆఫీసు ఉన్న బిల్డింగు లేచింది. ఆ ఆఫీసు కౌంటరులో నేను కొన్నేళ్ళు కూర్చున్నాను. తాత బేరమాడిన చోట కూర్చొని టికెట్లు ఇచ్చానని అప్పటిదాకా నాకు తెలియదు. లాంతరు సంగతీ ఉంది. రైల్వే తుక్కు వేలంలో కొన్నాడు. ఆ రసీదు అదే పేజీకి గుండుసూదితో గుచ్చి ఉంది. తుప్పు పట్టింది కానీ ముద్ర కనిపిస్తోంది. ఆ కాగితంతో నా భయం పోయింది. వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాగితం ఉంటే దాని ధర కూడా పెరుగుతుందని తర్వాత ఆ నాణేల పెద్దాయన చెప్పాడు.

ఆ తర్వాత అయ్యవారు ఒక పేజీ దగ్గర ఆగి, నన్ను పిలిచి, మెల్లగా చదివారు. 1942 ఏప్రిల్. పేరు ఇక్కడ రాయను. పక్క లైను ఇంటావిడ ఊరికి పోతూ దాచమని ఇచ్చినవి: రాణి రూపాయలు 4, రాజు రూపాయలు 3, ఇత్తడి చెంబు 1. తిరిగి ఇయ్యవలెను.

1942 ఏప్రిల్ అంటే మన పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. జపాన్ విమానాలు కొలంబో మీద, విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసు మీద కూడా వేస్తారని ఊరు ఊరంతా ఖాళీ అయింది. వర్క్‌షాపు పని ఆగకూడదు కాబట్టి తాతలాంటివాళ్ళు ఉండిపోయారు. వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళ దగ్గర సామాను దాచి వెళ్ళారు. ఆ పేజీలో అలాంటి పద్దులు ఆరున్నాయి. ఐదింటి మీద అడ్డగీత కొట్టి 'ముట్టినది' అని రాసి ఉంది. ఈ ఆరోదాని మీద గీత లేదు.

మేం ముగ్గురం ఎవరి వాటా ఎంత అని పోట్లాడుకున్న రూపాయల్లో ఏడు మావి కావు. చెంబు కూడా మాది కాదు. రెండు మూటలు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. ఒకటి మా తాతది. ఒకటి ఆవిడది. ఎనభై ఏళ్ళు ఆ మూటలు కలవకుండా ముందు తాత, తర్వాత అమ్మ కాపాడారు. చింతపండు గిన్నెలో పోసి కలిపేసింది నేను. ధర పోగొట్టినందుకంటే దీనికి నేను ఎక్కువ సిగ్గుపడ్డాను.

తమ్ముణ్ణి, చెల్లెల్ని పిలిచి పుస్తకం ముందు పెట్టాను. రాణి రూపాయలు 1840వి రెండు, 1862వి రెండు, మొత్తం నాలుగే ఉన్నాయి. కాబట్టి ఆ నాలుగూ ఆవిడవే. పాత వెండి రాజు రూపాయలు ఏడున్నాయి: విలియం రాజుది 1835 ఒకటి, ఎడ్వర్డువి రెండు, జార్జివి నాలుగు. వీటిలో ఏ మూడు ఆవిడవి? చెప్పేవాళ్ళు లేరు. మా దగ్గర ఉన్నవాటిలో తోమాక కూడా కొంచెం ఎక్కువ ధర వచ్చేది ఆ 1835 ఒక్కటే. అది తమ్ముడికీ తెలుసు. వాడే దాన్ని తీసి ఏడింటి కుప్పలో పెట్టాడు. "మనకు తెలియనప్పుడు మంచిది వాళ్ళకే పోనీన్నా" అన్నాడు. 14 లక్షలకు ఆశపడి డబ్బు పోగొట్టుకున్నవాడు ఆ మాట అన్నాడు. చెల్లెలు ఎడ్వర్డువి రెండూ కలిపింది. ఆ ఏడూ ఒక పసుపు గుడ్డలో కట్టి, చెంబులో వేసి పెట్టాం. మిగిలినవి ముగ్గురం పంచుకున్నాం. ఎవరూ అమ్మలేదు. అమ్మితే వచ్చేది కూడా పెద్దగా లేదు.

ఉగాది రోజు అడిగిన తమ్ముడికి నా జవాబు. కంపెనీ 1818లో ఆంజనేయస్వామి బొమ్మతో అణాలు కొట్టలేదు. దేశమంతటికీ ఒకే రకం కంపెనీ నాణేలు వచ్చిందే 1835 నుంచి. మీ దగ్గరున్నది తర్వాతి కాలంలో భక్తుల కోసం అచ్చేసిన బిళ్ళ. మా పూజగదిలోనూ ఒకటుంది. దండం పెట్టుకోండి, అమ్మబోకండి, ముఖ్యంగా ఎవరికీ ముందుగా డబ్బు కట్టకండి. వైష్ణోదేవి ఐదు రూపాయలకూ, ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకూ లక్షలు వస్తాయన్నా ఇదే జవాబు. పాత రాగి చెంబు బియ్యం గింజలను లాగుతుందని, అందులో ఇరిడియం ఉందని ఎవరైనా వస్తే తలుపు వేసేయండి. ఇంట్లో నూరేళ్ళు దాటిన పంచలోహ విగ్రహమో రాతి విగ్రహమో ఉంటే మాత్రం దాన్ని 1972 పురావస్తు చట్టం కింద రిజిస్టరు చేయించాలి. లైసెన్సు లేనివాళ్ళు అలాంటివాటి వ్యాపారం చేయకూడదు, మనలాంటివాళ్ళు ఎవరూ వాటిని దేశం దాటించకూడదు.

ఇంకోటి. పెద్దవాళ్ళ పెట్టె విప్పినప్పుడు దేన్నీ తోమకండి. ఏ మూటలో ఏముందో విప్పకముందే ఫోటో తీయండి. తెలుగు రాతలో ఉన్న కాగితం మీకు చదవడం రాకపోతే, తూకానికి వేసే ముందు మన అయ్యవారికి ఒకసారి చూపించండి. మన పిల్లల్లో ఎక్కువమందికి ఆ అక్షరాలు రావు. రానివాళ్ళ కళ్ళకు అది చెత్తలాగే కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించింది.

ఇక మీతో నాకున్న పని. 1942కు ముందు పెరంబూరు వర్క్‌షాపు లైన్లలో ఉండి, ఆ ఏప్రిల్‌లో నాయుడుపేట వైపు వెళ్ళిన కుటుంబం మీకు తెలుసా? మీ ఇంట్లోనే పెద్దవాళ్ళు ఎవరైనా అలా చెప్పారా? ఆ ఇంటి పెద్దాయన వర్క్‌షాపులో పెయింటరు. పేరు పుస్తకంలో ఉంది, ఇక్కడ కావాలనే రాయడం లేదు. రైల్వేలో పోయిన సామాను అడగడానికి వస్తే ముందు వచ్చినవాళ్ళే గుర్తులు చెప్పాలి, ఆ పద్ధతే ఇదీ. మీ తాత పేరు, అవ్వ పేరు నాకు చెప్పండి. చెంబు మీద చెక్కి ఉన్న అక్షరాలు ఏమిటో చెప్పగలిగితే ఇంకా మంచిది.

సరిపోతే వచ్చి తీసుకుపోండి. ఆ రోజు ఆ పద్దు మీద నేను గీత కొట్టాలి. అయ్యవారి దగ్గర గొలుసుకట్టు రాత నేర్చుకుంటున్నాను. 'ముట్టినది' అని రాయడం ఇప్పటికే వచ్చింది.